సురవరం ప్రతాపరెడ్డి - గోలకొండ ముద్రణాలయం : ఒక జీవిత పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రకారులు కవిని గురించి, కావ్యాన్ని గురించి, కృతిభర్తను గురించి విరివిగా వ్రాసినారు. గ్రంథాన్ని పాఠకుని చేతిలో పెట్టిన ముద్రణాలయాన్ని గురించి వ్రాసినది బహు స్వల్పం. తాళపత్ర యుగంలో లేఖకునికి ఎట్టి స్థానం ఉన్నదో ఆధునిక యుగంలో ముద్రాపకునికి అట్టి స్థానం ఉన్నది. లేఖకుని హస్తదోషం పాఠభేదమై పరిష్కర్తకు శ్రమ కలిగించిన విధంగానే, ముద్రాపకుని వద్ద అక్షరాలు చాలకపోవడం, కాగితం దొరకకపోవడం, చందాలు అందకపోవడం కూడ సాహిత్య చరిత్రను మలచినవి. ఈ విషయం మన పరిశోధనలలో తగినంతగా గుర్తింపబడలేదు.

సురవరం ప్రతాపరెడ్డి (1896-1953) పత్రికా సంపాదకులుగా, చరిత్రకారులుగా, ప్రథమ ఆంధ్ర మహాసభ అధ్యక్షులుగా సుప్రసిద్ధులు. ఆయన ఒక అచ్చుకూటాన్ని నెలకొల్పి, దాని కష్టనిష్ఠురాలను భరించి నడిపిన వారన్న విషయాన్ని జీవిత చరిత్రలు ఒకటి రెండు వాక్యాలలో చెప్పి ముందుకు సాగుతున్నవి. ఆయన జీవితాన్ని ముద్రణాలయం వైపు నుండి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. గోలకొండ కవుల సంచికలోను, ఆంధ్రుల సాంఘిక చరిత్రలోను కనిపించే ప్రతాపరెడ్డిగారి పరిశోధన పద్ధతికి అచ్చుగదిలో అలవడిన శ్రమ ఒక ప్రధాన మూలమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

బాల్యం - విద్యాభ్యాసం

ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరం మే 28వ తేదీన మాతామహుల గ్రామమైన బోరవెల్లిలో జన్మించినారు. వారి స్వగ్రామం అలంపురం ప్రాంతంలోని ఇటిక్యాలపాడు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఆ సీమ నాడు నిజాం రాష్ట్రంలో భాగం. నది దాటిన యెడల కర్నూలు, అది ఆంగ్ల ప్రభుత్వ పాలనలోని పట్టణం. ఈ సరిహద్దు జీవితం ప్రతాపరెడ్డిగారికి రెండు ప్రపంచాలను చూపినది. ఒక ఒడ్డున తెలుగు పాఠశాల, తెలుగు పత్రిక, తెలుగు అచ్చు పుస్తకం సామాన్య విషయాలు. రెండవ ఒడ్డున అవి అపురూప వస్తువులు.

కర్నూలులో చదివినారు. సంస్కృత కావ్యాలను గురుముఖంగా అభ్యసించినారు. మద్రాసులో బి.ఏ. పట్టం పొంది, తిరువనంతపురంలో న్యాయశాస్త్రం పూర్తి చేసినారు. తెలుగు సంస్కృతాలతో బాటు ఉర్దూ, పారశీక భాషలలో కూడ ప్రవేశం సంపాదించినారు. మద్రాసు నాడు తెలుగు ముద్రణకు రాజధాని. వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో ప్రారంభించిన ముద్రణశాల ఆ నగరంలోనిదే. 1908లో బొంబాయిలో వారపత్రికగా ఆరంభమైన ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికయై మద్రాసు నుండి వెలువడసాగినది. ఆ నగరంలో చదువుకొన్న విద్యార్థికి తెలుగు అక్షరం కాగితం మీద కనబడడం వింత కాదు. అదే విద్యార్థి హైదరాబాదుకు వచ్చి చూచినప్పుడు కనబడిన దృశ్యం వేరు.

హైదరాబాదు నగరం - తెలుగు అక్షరం

నిజాం రాష్ట్ర జనాభాలో దాదాపు సగం మంది తెలుగువారు. అయినప్పటికీ 1880ల దశకంలో పారశీకం స్థానంలోనికి వచ్చిన ఉర్దూయే రాజభాష. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన భాష కూడ ఉర్దూయే. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి విజ్ఞాన చంద్రికా మండలి ఈ నగరంలోనే పుట్టినవి. అయితే మండలి కొద్దికాలంలోనే మద్రాసుకు తరలిపోయినది. గ్రంథమాలకు కావలసిన సదుపాయాలు అచ్చట ఉన్నవి, ఇచ్చట లేవు.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినీ రంగస్థలంలో జరిగిన సంఘసంస్కరణ సభలో తెలుగులో మాటలాడిన ఆలంపల్లి వెంకటరామారావుగారికి అవమానం కలిగినది. దాని ఫలితంగానే ఆంధ్ర జనసంఘం ఏర్పడినది. ఈ సంఘటన మన చరిత్ర గ్రంథాలలో తరచుగా వర్ణితమైనది. సభలో పలికిన మాటకే గౌరవం లేని చోట అచ్చు మాటకు వసతి మాత్రం ఎట్లుండగలదు? ఈ ప్రశ్న దానికి అనుబంధంగా వేసుకొనదగినది.

ఇచ్చట ఒక సాంకేతిక విషయాన్ని పరిశోధకులు గమనింపవలసి ఉన్నది. నగరంలో ఉర్దూ ముద్రణ ప్రధానంగా శిలాముద్రణ. నస్తాలీఖు లిపి వంపులను లోహపు అచ్చులలో ఇముడ్చుట కష్టం గనుక, కాతిబు ప్రత్యేకమైన సిరాతో కాగితంపై వ్రాసినదానిని శిలపైకి మార్చి అచ్చు వేసేవారు. 1858లో లక్నోలో మున్షీ నవల్ కిషోర్ స్థాపించిన ప్రసిద్ధ ముద్రణాలయం కూడ ఈ పద్ధతితోనే వేలాది గ్రంథాలను వెలువరించినది. అనగా ఉర్దూ పత్రిక పెట్టదలచిన వానికి మంచి కాతిబు, శిల, యంత్రం ఉంటే చాలును. తెలుగు పత్రిక పెట్టదలచిన వానికి సీసపు అక్షరాలు కావలెను. వాటిని పోతపోసే కర్మాగారం, వాటిని కూర్చడం నేర్చిన పనివాడు, తప్పులు పట్టగల పండితుడు కావలెను. నగరంలో ఉన్న అచ్చు విద్య తెలుగు అక్షరానికి పెద్దగా ఉపకరించేది కాదు.

రాష్ట్రంలో ఈ కొరతను ఎదిరించినవారు అప్పటికే కొందరు లేకపోలేదు. 1922లో ఇనుగుర్తి అనే చిన్న గ్రామంలో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు స్వయంగా అచ్చుయంత్రం నెలకొల్పి తెనుగు పత్రికను వెలువరించినారు. అదే సంవత్సరం నల్లగొండ నుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారి నీలగిరి పత్రిక బయలుదేరినది. ఆ దీపాలు పల్లెలలోను జిల్లా కేంద్రంలోను వెలిగినవి. నాలుగేండ్ల తరువాత వాటి వరుసలో రాజధానిలో చేరినది గోలకొండ పత్రిక.

రెడ్డి హాస్టలు నుండి అచ్చుగదికి

ప్రతాపరెడ్డిగారిని హైదరాబాదు సార్వజనిక జీవితంలోనికి తీసుకొని వచ్చినవారు నగర కొత్వాలు రాజాబహద్దూరు వేంకటరామారెడ్డిగారు. 1918లో స్థాపితమై నేడు అబిడ్సు ప్రాంతంలో ఉన్న రెడ్డి హాస్టలుకు ప్రతాపరెడ్డిగారు కొన్ని సంవత్సరాలు కార్యదర్శిగా ఉన్నారు. వసతిగృహ గ్రంథాలయాన్ని శ్రద్ధతో పెంచినారు. నాంపల్లి స్టేషను నుండి అబిడ్సు మీదుగా సుల్తాను బజారు వరకు గల ప్రాంతం, ఆ దశాబ్దాలలో విస్తరిస్తున్న నారాయణగూడ, హిమాయత్‌నగర్ పేటలు నగరంలోని తెలుగు విద్యావంతులకు కార్యక్షేత్రాలైనవి. గ్రామాల నుండి చదువుకొనుటకు వచ్చిన తెలుగు బాలురకు చదువదగిన తెలుగు పత్రిక ఆ నగరంలో లేదన్న లోటు వసతిగృహ కార్యదర్శికి తెలియనిది కాదు.

వేంకటరామారెడ్డిగారి ప్రోత్సాహంతో, తెలుగు సంపన్నులు కొందరు సహకరింపగా, 1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక వెలువడినది. వారానికి రెండు మార్లు వచ్చే పత్రిక అది. గోలకొండ అనే పేరు సాహిత్యజ్ఞులకు ఇబ్రహీం కుతుబ్‌షాహి కాలాన్ని స్ఫురింపజేస్తుంది. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఇబ్రహీం కుతుబ్‌షాకు, పొన్నెగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రను అమీన్‌ఖానుకు అంకితం చేసిన చరిత్ర ఆ పేరుతో ముడిపడి ఉన్నది. తెలుగు ఈ రాజధానిలో పరాయిది కాదన్న అర్థం శీర్షికలోనే ఇమిడి ఉన్నది.

ప్రభుత్వం అనుమతి లేనిదే సభ జరుపరాదన్న గస్తీ నిషాన్ 53 వంటి ఉత్తరువులు అమలులో ఉన్న రాజ్యంలో పత్రికకు అనుమతి లభించడమే ఒక ఘట్టం. అనుమతి లభించిన తరువాత అసలైన శ్రమ ఆరంభమైనది.

ముద్రణాలయ నిర్వహణ

తెలుగు అచ్చుపని స్వరూపం నేటి యువ పరిశోధకులకు తెలిసి ఉండకపోవచ్చును గనుక దానిని కొంత వివరించుట అవసరం. పదిహేనవ శతాబ్ది మధ్యభాగంలో జర్మనీలోని మైంజు నగరంలో గూటెన్‌బర్గు రూపొందించిన పద్ధతికి విడి అక్షరాలే ఆధారం. సీసం, అంటిమొని, తగరం కలిసిన లోహంతో ఒక్కొక్క అక్షరాన్ని పోతపోసి, వాటిని వరుసగా కూర్చి, సిరా పూసి, కాగితాన్ని అదుముతారు. ఆంగ్లానికి పెద్ద, చిన్న అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు కలిపి సుమారు నూరు అచ్చులతో పని జరుగుతుంది. తెలుగులో హల్లు ఒకటి, గుణింత రూపాలు అనేకం, వత్తులు వేరు. రాష్ట్రం అన్న మాటలో మధ్యనున్న సంయుక్తాక్షరం ఒక్కటే షకారానికి రెండు వత్తులు కోరుతుంది. అందుచేత తెలుగు అచ్చుకూటానికి కొన్ని వందల రకాల అచ్చులు కావలెను. తెలుగు అక్షరం తొలిసారిగా 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ గ్రంథాలలో అచ్చైన నాటి నుండి ముద్రాపకులను బాధించిన సమస్య ఇదే.

ఈ అచ్చులను గదులుగా విభజించిన చెక్క కేసులలో ఉంచుతారు. కంపోజిటరు ఎడమ చేతిలో స్టిక్కు పట్టుకొని, వ్రాతప్రతిని చూస్తూ, కుడిచేతితో ఒక్కొక్క అచ్చును ఏరి తలక్రిందులుగా కూర్చుతాడు. అచ్చులో ప్రతి అక్షరం అద్దంలో చూచినట్లు తిరగబడి ఉంటుంది. నిండిన పంక్తులను గ్యాలీలోనికి మార్చి, దారంతో కట్టి, ప్రూఫు తీస్తారు. దిద్దిన తప్పులను చిమటాతో సరిచేసి, పుటలుగా కట్టి, ఇనుప చట్రంలో బిగించి యంత్రం మీదికి ఎక్కిస్తారు. అచ్చు ముగిసిన తరువాత అక్షరాలను కడిగి, మరల ఏ గదికి ఆ గదిలో వేయవలెను. ఈ చివరి పని పాఠకునికి కనబడదు. కాని చిన్న అచ్చుకూటం బ్రతుకు దాని మీదనే ఆధారపడి ఉంటుంది. అక్షరాలు పరిమితంగా ఉన్నప్పుడు ఒక ఫారం అచ్చై, విడదీసి, కేసులలో వేయబడితే తప్ప తరువాతి ఫారం కూర్చుటకు వీలుపడదు. ఒక వ్యాసంలో ఒకే సంయుక్తాక్షరం అధికంగా వచ్చినదంటే కేసులోని గది ఖాళీ అవుతుంది. అప్పుడు పనివాడు ఆగిపోవలెను, లేదా సంపాదకుడు మాట మార్చవలెను.

వారానికి రెండు సంచికలు వెలువరించే పత్రిక ఈ చక్రాన్ని ఎడతెగకుండ త్రిప్పవలసి ఉంటుంది. ప్రతాపరెడ్డిగారు ఈ పనిలో సంపాదకీయాసనానికి పరిమితులు కాలేదు. వ్యాసాలు వ్రాసినారు, వార్తలను తిరుగ వ్రాసినారు, ప్రూఫులు దిద్దినారు, లెక్కలు చూచినారు, చందాదారులకు ఉత్తరాలు వ్రాసినారు. రచయితలు చాలని దినాలలో భావకవి రామమూర్తి, చిత్రగుప్త వంటి మారుపేర్లతో తామే పుటలు నింపినారు. ఈ మారుపేర్లను సాహిత్య చమత్కారంగా మాత్రమే చూచుట వాడుక. సంచిక వెలువడే దినం తప్పరాదన్న ముద్రణాలయ నియమం కూడ వీటికి ఒక కారణమని గ్రహించిన యెడల ఆయన రచనల వైవిధ్యం సులభంగా అర్థమవుతుంది.

ధన విషయంలో నిజాం రాష్ట్రపు ముద్రాపకునికి ఒక విశేషమైన ఇబ్బంది ఉండేది. రాష్ట్రంలో చెలామణి హాలీ సిక్కా, ఆంగ్ల ఇండియాలో చెలామణి కల్దారు రూపాయి. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానం. చందాలు హాలీలో వచ్చేవి. రాష్ట్రం వెలుపలి నుండి తెప్పించే అచ్చులకు, యంత్ర భాగాలకు, కాగితానికి కల్దారులో చెల్లించవలసి వచ్చేది. అనగా వెలుపలి సరుకు విలువ ప్రతి 6 రూపాయలకు ఇచ్చట 7 రూపాయలు లెక్కకు వచ్చేవి. దీనికి తోడు గ్రామాలలోని చందాదారులలో అధికులు వ్యవసాయం మీద ఆధారపడినవారు. వానలు లేని ఏడు చందాలు రావు. అయినను సంచిక ఆగరాదు. ప్రతాపరెడ్డిగారు న్యాయవాద వృత్తిలో సంపాదింపగలిగిన వారై ఉండి కూడ ఈ అనిశ్చిత జీవితాన్ని ఎన్నుకొన్నారన్న విషయం గమనార్హం.

గ్రామాల ఉత్తరాలు

గోలకొండ పత్రికకు జిల్లాల నుండి వచ్చిన ఉత్తరాలు పత్రికకు ప్రాణం. వెట్టిచాకిరి, పటేలు పట్వారీల దౌర్జన్యం, పాఠశాలల లేమి, గ్రంథాలయ స్థాపన, తీర్థాలు, జాతరలు మొదలైన విషయాలు పత్రికలో చోటు చేసుకొన్నవి. ప్రూఫు దిద్దేవాడు ప్రతి పదాన్ని అక్షరమక్షరంగా చదువుతాడు. సామాన్య పాఠకుడు అర్థం కొరకు చదివి పదాన్ని విడిచిపెడతాడు. ప్రూఫు దిద్దేవాడు పదాన్ని విడువలేడు. మహబూబ్‌నగరం రైతు వాడిన పనిముట్టు పేరు, నల్లగొండ వైపు ఆటకు గల పేరు, కరీంనగరం వంటకు గల పేరు తప్పా ఒప్పా అని నిర్ణయించిన తరువాతనే ఫారం బిగింపబడుతుంది. ఈ విధంగా తెలంగాణ పలుకుబడి ప్రతాపరెడ్డిగారి కంటికి, చేతికి కూడ అలవడినది.

1930 మార్చిలో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు ప్రతాపరెడ్డిగారు అధ్యక్షత వహించినారు. అప్పటికి నాలుగేండ్లుగా ఆయన పత్రిక గ్రామగ్రామానికి వెళ్ళుచున్నది. అధ్యక్ష పదవికి ఆయనను యోగ్యుని చేసిన కారణాలలో ఈ పరిచయం కూడ ఒకటి అని చెప్పవచ్చును.

గోలకొండ కవుల సంచిక

నిజాం రాష్ట్రంలో చెప్పుకొనదగిన తెలుగు కవులు లేరన్న భావం కలిగించే అభిప్రాయం ఒకటి ఆ దినాలలో ప్రచారమైనది. తెలంగాణ పండితులకు అది బాధ కలిగించినది. దీనికి సమాధానంగా వాదోపవాదాలతో పత్రిక పుటలు నింపవచ్చును. ప్రతాపరెడ్డిగారు ఆ మార్గాన్ని అవలంబింపలేదు. కవులు తమ పద్యాలను, తమ వివరాలను పంపవలసినదిగా పత్రిక ద్వారా ప్రకటించినారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు వంటి సంస్థానాల పండితులకు నిలయమైన ఈ రాష్ట్రంలో, ఏ సంస్థానాశ్రయం లేని సామాన్య గ్రామ కవులు కూడ ఎందరో ఉన్నారు. వారి వ్రాతలు కార్యాలయానికి చేరినవి. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడినది.

ఈ గ్రంథం ప్రాముఖ్యాన్ని సాహిత్య చరిత్రకారులందరు అంగీకరించినారు. ముద్రణ దృష్టితో చూచినప్పుడు దాని గౌరవం ఇంకను పెరుగుతుంది. వందలాది వ్రాతప్రతులు, వందలాది దస్తూరీలు, ఛందోబద్ధమైన పద్యాలు. వార్తలో ఒక అక్షరం జారిపోతే పాఠకుడు ఊహించుకొంటాడు. పద్యంలో ఒక అక్షరం జారిపోతే గణం చెడుతుంది, యతి తప్పుతుంది, నింద కవి మీద పడుతుంది. అందులోను కవులు లేరన్న మాటకు సమాధానంగా వెలువడుతున్న గ్రంథంలో అచ్చుతప్పు కవి అజ్ఞానంగా పరిగణింపబడే ప్రమాదం ఉన్నది. వారానికి రెండు సంచికల పని నెత్తిన ఉండగా, ఒక పత్రికా కార్యాలయం ఇంతటి సంకలనాన్ని తలపెట్టుట సాహసం.

సొంత అచ్చుకూటం లేని యెడల ఈ సంచిక సాధ్యమయ్యేదా అన్న ప్రశ్న వేసుకొనదగినది. ప్రకాశకులు సామాన్యంగా పేరుగల కవిని కోరుతారు. పేరులేని 300 పైచిలుకు కవులకు పెట్టుబడి పెట్టే ప్రకాశకుడు మద్రాసులో గాని, బెజవాడలో గాని దొరకుట దుర్లభం. ఎవరికి చోటీయవలెనన్న నిర్ణయం అక్షరాలు ఎవరి చేతిలో ఉన్నవో వారిదే. తెలంగాణ కవులకు 1934 నాటికి ఆ చోటు లభించినదంటే, 1926లో నెలకొన్న అచ్చుగది దానికి కారణం. ప్రతాపరెడ్డిగారు నిందకు ప్రతినిందతో కాక పట్టికతో సమాధానం చెప్పినారు. కవి పేరు, ఊరు, రచన అన్న క్రమంలో ఆధారాలు చూపిన ఈ పద్ధతి ఆయన తరువాతి పరిశోధనకు మాదిరి అయినది.

యుద్ధకాలం - దినపత్రిక

1939లో ఆరంభమైన రెండవ ప్రపంచ యుద్ధం ముద్రాపకులందరిని పీడించినది. విదేశాల నుండి కాగితం రావడం కష్టమైనది. ధరలు పెరిగినవి, నియంత్రణలు వచ్చినవి. ఆదిలాబాదు జిల్లాలో 1938లో స్థాపితమైన సిర్పూరు కాగితపు మిల్లు 1942లో ఉత్పత్తి ప్రారంభించినను యుద్ధకాలపు కరవు తీరలేదు. ఆ కాలంలోనే, 1943లో, హైదరాబాదులో ఆంధ్ర సారస్వత పరిషత్తు ఆవిర్భవించినది. ప్రతాపరెడ్డిగారు దాని అధ్యక్షులుగా కూడ సేవ చేసినారు. తెలుగు పరీక్షలు, పాఠ్యగ్రంథాలు, ప్రాచ్య విద్యాబోధన ద్వారా ఈ పరిషత్తు చేసిన కృషికి పూర్వరంగంగా గోలకొండ పత్రిక పదిహేడేండ్ల పాటు పాఠకులను తయారు చేసియున్నది.

గోలకొండ అచ్చుకూటం కార్యకర్తలకు పాఠశాల కూడ అయినది. దేశోద్ధారక గ్రంథమాల స్థాపకులైన వట్టికోట ఆళ్వారుస్వామి తమ యౌవనంలో ఆ పత్రికలో ప్రూఫులు దిద్దినారు. అచ్చుగది లోపలి పనిని ఎరిగిన వ్యక్తి గ్రంథమాల స్థాపించి, పుస్తకాలను తానే మోసుకొని ఊరూర తిరిగి అమ్మగలుగుట ఆశ్చర్యం కాదు. ఒక ముద్రణాలయం ప్రభావాన్ని అది అచ్చువేసిన పుటల సంఖ్యతో మాత్రమే కొలువరాదు.

1947లో గోలకొండ పత్రిక దినపత్రికగా మారినది. తరువాతి కాలంలో దీనికి నూకల నరోత్తమరెడ్డిగారు సంపాదకత్వం వహించినారు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన అంతమైనది. ఇరవై రెండేండ్లు భయసందేహాల మధ్య అచ్చైన పత్రిక స్వేచ్ఛను చూడగలిగినది.

ఆంధ్రుల సాంఘిక చరిత్ర

1949లో ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రచురించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రతాపరెడ్డిగారి కృషికి ఫలశ్రుతి. రాజుల యుద్ధాలను వదలి ప్రజల ఆహారం, ఉడుపులు, ఆటలు, వృత్తులు, పండుగలు, నమ్మకాలు చరిత్రగా వ్రాసిన గ్రంథం అది. పాల్కురికి సోమనాథుని కృతులు, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి మొదలైన కావ్యాలను ఆయన సాక్ష్యాలుగా స్వీకరించినారు. నిఘంటువులు పక్షివిశేషం, భక్ష్యవిశేషం, క్రీడావిశేషం అని చెప్పి తప్పించుకొన్న పదాలకు పల్లెలలో నిలిచియున్న అర్థాలు వెదికినారు.

ఈ పద్ధతికి మూలాలు ఎచ్చట ఉన్నవి? ఆయన సంస్కృతాంధ్ర పాండిత్యం ఒక మూలం. పాశ్చాత్య చరిత్ర గ్రంథ పరిచయం మరొకటి. ఈ రెండు ఉన్న పండితులు ఆనాడు మరికొందరు ఉన్నారు. వారిలో ఎవ్వరును ఇట్టి గ్రంథం వ్రాయలేదు. రెండు దశాబ్దాల పాటు గ్రామాల ఉత్తరాలను దిద్ది, పదాన్ని విడువక చదివి, ప్రతి ఊరికి పేరు, ప్రతి పనికి మాట ఉన్నదని ఎరిగిన అనుభవం ప్రతాపరెడ్డిగారికి ప్రత్యేకం. కావ్యంలో ఒక మాట కనబడినప్పుడు పండితుడు నిఘంటువు వైపు చూస్తాడు. ప్రతాపరెడ్డిగారు చందాదారుని ఊరి వైపు కూడ చూడగలిగినారు. సాంఘిక చరిత్రలోని అర్థనిర్ణయాలను గోలకొండ పత్రిక పాత సంచికలతో పోల్చి చూచే పరిశోధన జరుగవలసి ఉన్నది. ఏ పదచర్చకు ఏ గ్రామవార్త బీజమో ఆ పోలికలో తేలగలదు.

చివరి దినాలు

1952 ఎన్నికలలో ప్రతాపరెడ్డిగారు వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనారు. 1953 ఆగస్టు 25వ తేదీన, 57 ఏండ్ల వయస్సులో దివంగతులైనారు. అప్పటికి ఆంధ్రరాష్ట్రం కూడ అవతరింపలేదు. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాలు ప్రారంభమైన 1955లో తెలుగుకు తొలి పురస్కారం ఆంధ్రుల సాంఘిక చరిత్రకు లభించినది. దానిని అందుకొనుటకు గ్రంథకర్త లేరు. హైదరాబాదులోని టాంక్‌బండు మీద ఆయన విగ్రహం నెలకొన్నది. నాంపల్లిలో దీర్ఘకాలం పనిచేసిన తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో ఆయన పేరు పెట్టబడినది.

ముగింపు

పైన పరిశీలించిన అంశాల వలన మూడు విషయాలు తేలుతున్నవి. మొదటిది, హైదరాబాదు రాజధానిలో తెలుగు అచ్చుకు ఉన్న అడ్డంకులు రాజకీయమైనవే కాక సాంకేతికమైనవి, ఆర్థికమైనవి కూడ. శిలాముద్రణకు అలవడిన నగరంలో సీసపు తెలుగు అక్షరాన్ని నిలబెట్టుటయే ఒక భాషోద్యమం. రెండవది, గోలకొండ కవుల సంచిక వంటి గ్రంథం సొంత ముద్రణాలయం ఉన్నందుననే సాధ్యమైనది. మూడవది, సాంఘిక చరిత్రకారునిగా ప్రతాపరెడ్డిగారి దృష్టికి పత్రికా ముద్రణాలయం ఒక శిక్షణాలయం.

ఇరవయ్యవ శతాబ్ది చివరి దశాబ్దాలలో ఆఫ్‌సెట్ యంత్రాలు, కంప్యూటరు అక్షర సంయోజనం వచ్చిన తరువాత సీసపు అక్షరాల అచ్చుకూటాలు మూతపడినవి. ఒకనాడు కావ్యాలుగా, వార్తలుగా, కరపత్రాలుగా రూపొందిన అక్షరాలు తూకానికి అమ్ముడుపోయినవి. యంత్రాలను ఇప్పుడు తిరిగి తేలేము. కాని పాత గ్రంథాల ముఖపత్రం వెనుక చిన్న అక్షరాలలో ముద్రణాలయం పేరు, ఊరు, సంవత్సరం నేటికి నిలిచి ఉన్నవి. మన గ్రంథసూచులు కర్త పేరును, ప్రకాశకుని పేరును నమోదు చేసి ఆ పంక్తిని వదలివేస్తున్నవి. ప్రాచ్య కళాశాలల గ్రంథాలయాలలో జీర్ణమగుచున్న ప్రతులను విద్యార్థుల చేత పరిశీలింపజేసి ఆ పంక్తులను సేకరించిన యెడల తెలంగాణ ముద్రణ చరిత్రకు ప్రామాణికమైన ఆధారం ఏర్పడగలదు. 354 మంది కవుల పేర్లను ఊళ్ళతో సహా సేకరించి పెట్టిన మహనీయుని మార్గంలో ఇది ఒక చిన్న అడుగు. ఈ పనికి కావలసిన ప్రతులు శిథిలం కాకముందే పూనుకొనుట ఉపాధ్యాయుల, పరిశోధకుల కర్తవ్యం.